రక్తం ఇవ్వడానికి కుదరని మేనమామ 21 కిలోమీటర్లు పరుగెత్తవచ్చా?

ప్రశ్న (మియాపూర్ నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు 38 సంవత్సరాలు. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఉద్యోగం. నిరుడు దసరా తరువాత నడక మొదలుపెట్టి, సంక్రాంతి నాటికి మెల్లగా పరుగులోకి వచ్చాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు 5 కిలోమీటర్ల చొప్పున పరుగెత్తుతున్నాను, ఒక్కోసారికి 38 నిమిషాలు పడుతోంది. ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్ మారథాన్‌లో సగం దూరం, అంటే 21.1 కిలోమీటర్లు, పూర్తిచేయాలని కోరిక. ఈ వారం నుంచి లెక్కపెట్టుకుంటే సరిగ్గా 19 వారాలున్నాయి.

ఈ కోరిక వెనుక మా అక్క కూతురు ఉంది. దానికి తొమ్మిదేళ్లు. బీటా తలసీమియా మేజర్, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని పుట్టుజబ్బు, ఉన్న పిల్ల కాబట్టి ఏడాది నిండకముందు నుంచే మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించుకుంటూ పెరుగుతోంది. మా అక్కది మేనరికం. అక్క, బావ ఇద్దరూ వాహకులని (తమకు జబ్బు లేకపోయినా పిల్లలకు అందించగలవారని) పాపకు జబ్బు బయటపడిన తరువాతే తెలిసింది. ఆ వెంటనే ఇంట్లో అందరమూ పరీక్ష చేయించుకున్నాము, నేను కూడా వాహకుడినేనని, అంటే తలసీమియా మైనర్ అని, తేలింది. నా భార్యకు లేదు కనుక మా అబ్బాయి విషయంలో భయం లేదని వైద్యులు చెప్పారు.

నా హిమోగ్లోబిన్ ఎప్పుడు చూసినా 11.5కు అటూ ఇటూగా ఉంటుంది. రక్తం ఇవ్వాలంటే కనీసం 12.5 ఉండాలి. ఆ సంగతి తెలియక ఒకసారి, తెలిసీ ఆశ చావక రెండుసార్లు, మొత్తం మూడుసార్లు రక్తదాన శిబిరానికి వెళ్లాను. వేలి చివర సూదితో గుచ్చి తీసిన బొట్టును అక్కడ నీలిరంగు ద్రవంలో వేస్తారు. అది మునిగితే మంచం మీద పడుకోబెడతారు, తేలితే ఇంటికి పంపుతారు. నా బొట్టు మూడుసార్లూ తేలింది. మూడోసారి అక్కడున్న నర్సు నన్ను గుర్తుపట్టి, "మీరు మళ్లీ వచ్చారా అండీ" అని నవ్వింది.

రక్తం ఎలాగూ ఇవ్వలేను కాబట్టి, పరుగు పేరు చెప్పి తెలిసినవాళ్లందరి దగ్గరా డబ్బు పోగుచేసి తలసీమియా పిల్లల వైద్యానికి ఇవ్వాలని ఆలోచన. దీని మీద నాకు మూడు సందేహాలున్నాయి. హైదరాబాద్ ఎండల్లో మొదలుపెట్టి వానల్లో ముగిసే ఈ 19 వారాల సాధనను ఎలా అమర్చుకోవాలి? తలసీమియా మైనర్ ఉన్నవాడు ఇంత దూరం పరుగెత్తితే ప్రమాదమేమైనా ఉందా? మెట్లు ఎక్కేటప్పుడు నా తోటివాళ్లకంటే నాకు ముందే ఆయాసం వస్తుంది, అందుకే అడుగుతున్నాను. చివరిది, డబ్బు అడగడం నాకు చేతకాదు. పెళ్లి చదివింపులు రాయించుకునే చోట కూడా నేను పుస్తకం పక్కన కూర్చోలేని మనిషిని. ఇలాంటి పని చేసినవారు ఎవరైనా ఎలా మొదలుపెట్టారో చెబితే మేలు చేసినవారవుతారు.

మొదటి జవాబు (సికింద్రాబాద్ నుంచి)

నేను తొమ్మిదేళ్లుగా పరుగెత్తుతున్నాను, ఈ మారథాన్‌లోనే సగం దూరం ఐదుసార్లు పూర్తిచేశాను. మీ మొదటి సందేహానికి మాత్రమే జవాబు చెప్పగలను. మిగిలిన రెండూ నాకంటే తెలిసినవారు చెప్పాలి.

మీరు ముందుగా చేయవలసింది వేగం తగ్గించడం. 5 కిలోమీటర్లకు 38 నిమిషాలంటే కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల పైచిలుకు. రోజూ ఆ వేగంతోనే పరుగెత్తుతున్నారంటే మీరు రోజూ పరీక్ష రాస్తున్నారన్నమాట, చదువుకోవడం లేదు. కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలకు దిగండి. పక్కన పరుగెత్తే మనిషితో మధ్యలో ఆగకుండా ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే అది సరైన వేగం. మాట ముక్కలవుతుంటే ఇంకా తగ్గించాలి. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అనే పద్ధతిలో మొదటి రోజు నుంచీ వెళ్లినా నామోషీ ఏమీ లేదు. నా ఐదింటిలో రెండు అలా పూర్తిచేసినవే, వాటి మరుసటి రోజే నేను మెట్లు మామూలుగా దిగగలిగాను.

వారంలో రెండు రోజులు 5 కిలోమీటర్ల చొప్పున అలాగే ఉంచుకోండి, ఆదివారం మాత్రం దూరం పెంచుతూ వెళ్లండి. మొదటి మూడు ఆదివారాలు 6, 7, 8 కిలోమీటర్లు చేసి, నాలుగో ఆదివారం మళ్లీ 6కు దిగాలి. తరువాత 9, 10, 11 చేసి 8కి, ఆ తరువాత 12, 13, 14 చేసి 10కి, ఆపైన 15, 16, 17 చేసి 12కి దిగాలి. పదిహేడో వారం 18, పద్దెనిమిదో వారం 12, పందొమ్మిదో ఆదివారం అసలు పరుగు. ముందే 21 పూర్తిచేసి చూసుకోవాలనే తహతహ అందరికీ ఉంటుంది కానీ 18 చేసినవారు మిగిలిన మూడూ చేస్తారు. నాలుగు వారాలకొకసారి వచ్చే ఆ దిగుడు వారాన్ని ఎగ్గొట్టకండి. గుండె, ఊపిరి తొందరగా అలవాటుపడతాయి, ఎముకలూ కీళ్లూ మెల్లగా అలవాటుపడతాయి. ఒళ్లు తేలికగా ఉంది కదా అని ఆ వారం కూడా దూరం పెంచుకున్నవాళ్లే జూలైలో కాలికి పట్టీ కట్టుకుని కూర్చుంటారు. జూన్ నుంచి వారం మధ్యలో నాలుగో రోజు ఒకటి చేర్చుకోవచ్చు.

ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున అయిదింటికల్లా రోడ్డు మీద ఉండి, ఆరున్నరకు ఇంటికి చేరేలా చూసుకోండి. ఆ నెలల్లో అదే వేగానికి గుండె మరింత గట్టిగా కొట్టుకుంటుంది, కాబట్టి గడియారం చూసి బాధపడకండి. జూన్‌లో వానలు మొదలవగానే హాయిగా ఉంటుందని అనుకుంటాము కానీ అప్పుడు ఉక్క పట్టుకుంటుంది, చెమట ఆరదు. చొక్కా పిండితే నీళ్లు కారుతాయి, ఒంటి వేడి మాత్రం దిగదు. ఆగస్టులో అసలు పరుగు జరిగేది ఆ వాతావరణంలోనే కనుక జూలై సాధనను తప్పించుకోకూడదు. తొడల లోపలివైపు, చంకల దగ్గర, రొమ్ము మొనల మీద వ్యాజలైన్ రాసుకుని బయలుదేరండి. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు, తెల్ల చొక్కా మీద రెండు ఎర్రటి చారలు చూసుకున్న రోజున తెలుస్తుంది.

ఈ మారథాన్ పేరు చెప్పగానే పరుగెత్తినవాళ్లందరూ ఫ్లైఓవర్ల గురించే మాట్లాడతారు. ఇటీవలి ఏళ్లలో నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి వైపు సాగే దారి ఇది, ఎక్కడం దిగడం తప్ప చదునుగా ఉన్నది తక్కువ. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి చేసుకుని, చూపు పది అడుగుల దూరంలో నిలుపుకుని, ఊపిరి ఎంత తీసుకోగలుగుతున్నారో అంతే వేగంతో వెళ్లండి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఎక్కడంలో పోయిన సమయాన్ని దిగడంలో సంపాదించుకోవాలని దబదబా అడుగులు వేస్తే తొడ కండరాలు అక్కడే అయిపోతాయి. కేబీఆర్ పార్కు బయటి కాలిబాట ఎత్తుపల్లాలతో ఉంటుంది, మే నెలాఖరు నుంచి పదిహేను రోజులకొకసారి అక్కడికి వెళ్లండి. ఖాళీగా ఉంది కదా అని తెల్లవారుజామున ఫ్లైఓవర్ల మీద సాధన చేయకండి. ఆ వేళ ఖాళీ రోడ్డు చూసి కార్లవాళ్లు కూడా రెచ్చిపోతారు.

బూట్ల దగ్గర నా మొదటి అనుభవం చెబుతాను. పరుగుకు నాలుగు రోజుల ముందు, ఆఫీసు బూట్ల కొలతలోనే, కొత్త జత కొనుక్కుని వెళ్లాను. పదమూడో కిలోమీటరు దగ్గర దిగుడులో రెండు బొటనవేళ్లూ ముందుకు గుద్దుకోవడం తెలుస్తూనే ఉంది, ఆగలేదు. ఇంటికొచ్చి సాక్సు తీస్తే గోళ్లు రెండూ నేరేడు పండు రంగుకు తిరిగి ఉన్నాయి, దీపావళికి ఊడిపోయాయి. పరుగులో పాదం ఉబ్బుతుంది. అందువల్ల బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండేలా, సాయంత్రం పూట కొలిచి కొనండి. కొన్నవాటితో కనీసం రెండు పెద్ద ఆదివారాలు గడిచిన తరువాతే అసలు పరుగుకు వేసుకోండి.

వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు ఇంట్లోనే కాళ్లకు బలం పెంచే పనులు చేయండి. మెట్టు అంచున ముందుపాదాల మీద నిలబడి మడమలు ఎత్తి దించడం, ఒంటికాలితో మెట్టు ఎక్కి దిగడం, గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలవడం చాలు. మోకాలి కింద ముందువైపు ఎముక పొడుగునా నొప్పిగా ఉంటే దూరం తగ్గించి చూడండి. అదే ఎముక మీద ఒక్కచోట వేలు పెడితే ప్రాణం పోయినట్టు ఉంటే మాత్రం పరుగు ఆపి ఎముకల వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఎముకలో సన్నటి పగులు అలాగే మొదలవుతుంది.

ఇలా వెళితే ఆగస్టులో మీకు మూడు గంటలకు అటూ ఇటూగా పడుతుంది. నమోదు చేసుకునేటప్పుడు నిర్వాహకులు పెట్టిన గడువు ఎంతో చూసుకోండి.

రెండో జవాబు (వరంగల్ నుంచి)

నేను వైద్యుడిని, కొద్దిపాటి దూరాలు పరుగెత్తుతాను కూడా. మిమ్మల్ని చూడకుండా మీ ఒంటి గురించి తీర్పు చెప్పడం సరికాదు కాబట్టి సాధారణంగా తలసీమియా మైనర్ ఉన్నవారికి వర్తించే సంగతులే రాస్తాను.

మైనర్ అనేది జబ్బు కాదు, అదొక లక్షణం. ఈ లక్షణం ఉన్నవారి ఎర్ర కణాలు మామూలు వాటికంటే చిన్నవిగా ఉంటాయి, ఆ లోటును కొంతవరకు పూడ్చడానికి శరీరం వాటిని ఎక్కువ సంఖ్యలో తయారుచేస్తుంది. అందుకే 11 లేదా 12 హిమోగ్లోబిన్‌తో వారు జీవితమంతా మామూలుగానే తిరుగుతారు. సుదూరపు పరుగులు పూర్తిచేసేవారూ వారిలో ఉన్నారు. అయితే ప్రాణవాయువును మోసే సామర్థ్యం కొద్దిగా తక్కువ కనుక అదే వేగానికి మీ గుండె పక్కవారి గుండెకంటే ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. మెట్ల దగ్గర మీకు ముందే వచ్చే ఆయాసానికి అది కారణం కావచ్చు. కానీ కావచ్చు అన్న మాట మీద ఆగిపోకండి. 38 ఏళ్ల వయసులో, కూర్చుని చేసే ఉద్యోగం నుంచి వచ్చి పెద్ద దూరాలు మొదలుపెడుతున్నారు కాబట్టి, ఒకసారి వైద్యుడిని కలిసి రక్తపోటు, చక్కెర, ఈసీజీ చూపించుకుని, కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు ఉంటే ఆ మాట చెప్పండి. పరుగులో ఛాతీ పట్టేసినట్టు అనిపించినా, కళ్లు తిరిగినా ఆ రోజుకు అక్కడితో ఆపాలి.

మరొక ముఖ్యమైన సంగతి ఐరన్ మాత్రలు. హిమోగ్లోబిన్ 11.5 అని, కణాలు చిన్నవిగా ఉన్నాయని కాగితం మీద చూడగానే రక్తహీనత అనుకుని ఐరన్ మాత్రలు రాసేవారున్నారు, ఎవరూ రాయకపోయినా మందుల దుకాణంలో కొనుక్కుని నెలల తరబడి మింగేవారూ ఉన్నారు. మీ చిన్న కణాలకు కారణం ఐరన్ లోపం కాదు. ఒంట్లో ఐరన్ నిలవ ఎంత ఉందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకుని, అది తక్కువ ఉంటేనే మాత్రలు వేసుకోవాలి. పరుగెత్తేవారిలో ఫెరిటిన్ తగ్గడం కూడా జరుగుతుంది కాబట్టి సాధన మధ్యలో, జూలైలో, ఇంకొకసారి చూపించుకోవడం మంచిది.

నీళ్ల విషయంలో అతి వద్దు. దాహం వేసినప్పుడు తాగాలి. గంటకు పైబడిన పరుగుల్లో ఉప్పు కూడా అందేలా చూసుకోవాలి. ఉప్పు వేసిన మజ్జిగ అయినా సరే, లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్ చొప్పున కలిపిన ఓఆర్ఎస్ అయినా సరే. భయంతో ప్రతి నీళ్ల బల్ల దగ్గరా రెండేసి గ్లాసులు తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి మనిషి పడిపోయే ప్రమాదం ఉంది, మూడు గంటలు పట్టే నెమ్మది పరుగువారికే ఆ ముప్పు ఎక్కువ. పరుగుకు ముందుగానీ వెంటనేగానీ ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకండి, నీరసించిన ఒంట్లో అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

మీ ప్రశ్నలో రక్తం ఇవ్వలేకపోయినందుకు ఒక బాధ కనిపించింది. ఒక మాట చెబితే అది కొంత తగ్గుతుందేమో. మీ హిమోగ్లోబిన్ 15 ఉన్నా, మీ రక్తాన్ని నేరుగా మీ మేనకోడలికి ఎక్కించమని మేము చెప్పము. ముందుముందు ఎముక మూలుగ మార్పిడి చేయవలసి రావచ్చు, దగ్గరి రక్తసంబంధీకుల రక్తం ముందే ఎక్కి ఉంటే ఆ మార్పిడి నిలవడం కష్టమవుతుంది. ఆ పిల్లకు కావలసింది ముక్కూ మొహం తెలియని వాళ్ల రక్తమే.

మూడో జవాబు (విజయవాడ నుంచి)

అన్నయ్య గారూ, నేను తలసీమియా ఉన్న పదమూడేళ్ల బాబు తల్లిని. మీ ప్రశ్న చదివి, డాక్టరు గారు రాసిన చివరి మాట చదివి, ఒక సంగతి చెప్పాలనిపించింది. మీరు డబ్బు అడగలేనన్నారు కదా, అడగవద్దు. మనుషులను అడగండి.

మా పిల్లలకు డబ్బుతో పని లేదని కాదు. ఎక్కించిన ప్రతి సంచి రక్తంతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లో చేరుతుంది, దానిని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అందుకే జీవితాంతం ఐరన్ తీసే మందు వాడాలి, గుండె, కాలేయం, గ్రంథులు పాడవుతున్నాయేమో చూపించుకుంటూ ఉండాలి. వాటన్నిటికీ ఖర్చు అవుతుంది. కానీ చేతిలో డబ్బు ఉండి కూడా రక్తం దొరకని రోజులు ఉంటాయి. అవి సరిగ్గా మీరు సాధన చేసే రోజులే. రక్తం ఇచ్చేవాళ్లలో కాలేజీ పిల్లలే ఎక్కువ, పరీక్షలు అయిపోయి వాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు. ఎండలకు భయపడి మిగిలినవాళ్లూ రారు. నిరుడు మే నెలలో మా బాబుకు ఎక్కించవలసిన తేదీ దాటి తొమ్మిది రోజులైంది. వాడు మంచం మీద నుంచి లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చుకుని మళ్లీ పడుకునేవాడు. పెదవులు తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉండేవి. ఫోనులో ఉన్న పేర్లన్నీ వరసగా చూస్తూ ఎవరికి చేయాలా అని నేను కూర్చునేదాన్ని. అలాంటప్పుడు నా ఖాతాలో ఎంత ఉందన్నది లెక్కలోకి రాదు.

కాబట్టి మీరు 21 కిలోమీటర్లకు 21 మంది రక్తదాతలను కూడగట్టండి. ఒక లెక్క చూడండి. మూడు వారాలకు ఒకసారి చొప్పున ఏడాదికి 17 సార్లు ఎక్కించాలి. పిల్ల చిన్నగా ఉన్నన్నాళ్లు ఒక్కో సంచి సరిపోతే, 17 మంది ఇచ్చినది ఒక పిల్లకు ఒక ఏడాది. మిగిలిన నలుగురూ జ్వరం వచ్చి రాలేకపోయినవాళ్ల బదులు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మంచి మనసుతో ఒకే రోజు, పుట్టినరోజో వర్ధంతో చూసుకుని, అందరినీ తీసుకువెళ్లి ఒకేసారి ఇప్పిస్తారు. ఎర్ర కణాలను నిలవ ఉంచగలిగేది ఎక్కువలో ఎక్కువ 42 రోజులు. అందులోనూ మా పిల్లలకు వీలైనంత తాజాది ఎక్కించాలని చూస్తారు. ఆగస్టు చివరి ఆదివారం 21 సంచులు వచ్చి, మే నెలలో ఒక్కటీ లేకపోతే మాకు ఒరిగేది కొంచెమే. మీ పెద్ద పరుగులన్నీ ఆదివారాలే కదా, ఆ వారానికి ఒక మనిషి పేరు పెట్టుకోండి. మీరు 9 కిలోమీటర్లు చేసిన వారం ఒకరు వెళ్లి ఇచ్చి వస్తారు, 10 చేసిన వారం ఇంకొకరు. 19 వారాలకు 19 మంది, పరుగు అయిన తరువాత ఇద్దరు. ముందుగా రక్తనిధికి ఫోను చేసి, ఆ వారం ఏ గ్రూపు తక్కువగా ఉందో కనుక్కుని, ఆ గ్రూపు మనిషిని పంపండి. హైదరాబాద్‌లో 1998 నుంచి పనిచేస్తున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకి సొంత రక్తనిధి ఉంది, అక్కడ అడిగితే చెబుతారు. మీ పాప ఎక్కడ ఎక్కించుకుంటుందో అక్కడ అడిగినా సరే.

ఎవరైనా తమంతట తామే డబ్బు ఇస్తామంటే మీ ఖాతాలో వేయించుకోకండి. నేరుగా సంస్థ ఖాతాకే పంపమనండి, రసీదు వాళ్లకే వస్తుంది. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి ఆ విరాళం మీద మినహాయింపు ఉంటుంది, అయితే రెండు వేలకు మించి నగదుగా ఇస్తే అది వర్తించదు. మధ్యలో మీ చేతి గుండా వెళితే, మంచికి పోయి మాట పడవలసి వస్తుంది.

ఇంకొక్కటి. మీ చుట్టాలలో పెళ్లీడు పిల్లలు ఉంటారు. మేనరికం అనుకున్నా అనుకోకపోయినా పెళ్లికి ముందు వాహకులో కాదో తేల్చే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష ఒక్కటి చేయించుకోమనండి. జాతకాలు చూపించుకున్నంత ఓపిక కూడా అక్కరలేదు దానికి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు మేజర్ పుట్టే అవకాశం ఉంటుంది. మాకు ఈ మాట చెప్పినవాళ్లు లేకపోయారు.

నాలుగో జవాబు (పాడేరు నుంచి)

వైద్యుల వారు తలసీమియా మైనర్ గురించి రాసినది చదివి, సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే మరో పుట్టుజబ్బు) వాహకులు కూడా అదే తమకూ వర్తిస్తుందని అనుకోకూడదని ఇది రాస్తున్నాను. నేను ఇక్కడ ఆశ్రమ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మన్యంలో ఈ లక్షణం ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టిన తరువాత మా పిల్లలలో చాలామందికి పరీక్షలు చేసి కార్డులు ఇచ్చారు. వాహకులైన పిల్లలు మామూలుగా ఆడతారు, పరుగెత్తుతారు. కానీ ఎండలో, నీళ్లు లేకుండా, అలవాటు లేకుండా ఒక్కసారిగా శక్తికి మించి పరుగెత్తిస్తే కండరాలు దెబ్బతిని కుప్పకూలే ప్రమాదం వారికి ఉంది. అందుకే వాళ్లను నేను పోటీల ముందు గడియారం పెట్టి పరుగెత్తించను, మధ్యమధ్య నిలిపి నీళ్లు తాగిస్తాను, కాళ్లు పట్టేస్తున్నాయని ఏ పిల్లవాడైనా అంటే నటిస్తున్నాడని అనుకోను. ఈ పరుగుకు మీ వెంట స్నేహితులు వస్తే వారిలో సికిల్ సెల్ వాహకులు ఉన్నారేమో అడగండి.

అయిదో జవాబు (కూకట్‌పల్లి నుంచి)

నేను కూడా ఆగస్టులో అదే దూరం పరుగెత్తుతున్నాను. నాది ఓ నెగెటివ్. ప్రశ్న అడిగినవారి 21 మందిలో నేనొకడినవుతాను. అయితే సాధన మధ్యలో రక్తం ఇస్తే పరుగు దెబ్బతింటుందా అన్నది సికింద్రాబాద్ వారు చెప్పాలి.

సికింద్రాబాద్ నుంచి మళ్లీ

దెబ్బతింటుంది, కొద్ది రోజులు. తగ్గిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో పూడుతుంది కానీ ఎర్ర కణాలు పాత స్థాయికి రావడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇచ్చిన రోజున, మరునాడు పరుగు మానేయండి, ఆ వారమంతా మెల్లగా సాగండి, వేగం పడిపోయిందని బెంగపడకండి. మీరు ఈ ఏప్రిల్‌లోనే ఇచ్చేస్తే జూన్ నాటికి అంతా సర్దుకుంటుంది. మగవారు 90 రోజులు, ఆడవారు 120 రోజులు గడిస్తే గానీ మళ్లీ ఇవ్వకూడదు కనుక మీ రెండో వంతు పరుగుకు నెల రోజుల ముందు పడుతుంది. దానిని పరుగు అయ్యే వరకు ఆపుకుని, ఆ తరువాత ఇవ్వండి. విజయవాడ అమ్మగారు చెప్పిన చివరి ఇద్దరిలో ఒకరు మీరే అవుతారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నాలుగు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను.

డబ్బు ఆలోచన మానుకున్నాను. నిన్న ఆఫీసులో భోజనాల దగ్గర, నేను ఆగస్టులో 21 కిలోమీటర్లు పరుగెత్తుతున్నానని, ఒక్కో కిలోమీటరుకు ఒక మనిషి కావాలని చెప్పాను. డబ్బు అడిగితే నా గొంతు లేచేది కాదు, ఇది మాత్రం తడబడకుండా వచ్చింది. అక్కడికక్కడే ఆరుగురు పేర్లు ఇచ్చారు. ఒకాయన సూదంటే భయమని, దానికి బదులు ప్రతి ఆదివారం కారులో దాతను తీసుకువెళ్లి దింపుతానని అన్నారు. కూకట్‌పల్లి వారితో కలిపి ఇప్పటికి ఏడుగురయ్యారు. ఫెరిటిన్, ఈసీజీ రెండూ బాగానే ఉన్నాయి, వైద్యుడు మెల్లగా మొదలుపెట్టమన్నారు. రెండేళ్ల క్రితం ఎవరో రాసిస్తే ఇంట్లో పడి ఉన్న ఐరన్ మాత్రల డబ్బా పారేశాను.

ఈ ఆదివారం 6 కిలోమీటర్లు, మీరు చెప్పిన వేగంతోనే, 51 నిమిషాల్లో చేశాను. దారిలో కుక్కలు తప్ప ఎవరూ దాటిపోలేదు. ఇంటికి రాగానే మా మేనకోడలికి ఫోను చేసి చెబితే, "అంతేనా మామయ్యా, ఇంకా పదిహేను ఉన్నాయి" అంది. వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి 21 గళ్లు గీసి పెట్టిందట. మొదటి గడిలో కూకట్‌పల్లి వారి పేరు తెలియక "ఓ నెగెటివ్ అంకుల్" అని రాసుకుంది. ఆయన శనివారం వెళుతున్నారు. రక్తనిధికి ఫోను చేస్తే ఆ గ్రూపువి రెండే సంచులు మిగిలాయని చెప్పారు.